పెట్టె నిండింది

సోమవారం పొద్దున పదిన్నరకి మేనేజరు గిరిప్రసాద్ తన గదిలోంచి బయటికొచ్చి, ఆఫీసులో నలుగురూ చూస్తుండగా గ్రేసీ టేబుల్ మీదికి ఒక కాగితం విసిరాడు. అది జారి కింద పడింది. తీయాల్సింది ఎలాగూ తనే కాబట్టి గ్రేసీ వంగి తీసింది.

"సదువు," అన్నాడు.

దుబాయి వాళ్ళు మామిడి గుజ్జుకి ఆర్డరు మెయిల్లో మూడుసార్లు పంపారట. పెట్టె నిండింది, కొత్తవి పట్టవు అంటూ మూడుసార్లూ తిరిగెళ్ళిందట. ఫ్యాక్టరీ ఉందా, మూసేశారా అని ఫోనులో అడిగి, చివరికి వాట్సాప్‌లో పంపారు.

"సీజన్లో ఇట్లాంటి ఆర్డరు పోయింటే మళ్ళీ ఎవురిస్తారు? మీ నాయన తెచ్చిస్తాడా?" అన్నాడు గిరిప్రసాద్. "మెయిలు సూసుకోమనే గదా నిన్నీడ కూర్చోబెట్టినాం. ఆ పని కూడా చేతగాదా నీకు?"

గ్రేసీ నాయన చనిపోయి ఎనిమిదేళ్ళయింది. చావు రోజున గిరిప్రసాద్ ఫ్యాక్టరీ తరఫున దండ కూడా తెచ్చాడు. ఆ సంగతి గుర్తుచేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, "సారీ సార్" అని ఊరుకుంది. మూడేళ్ళుగా రోజుకి రెండుసార్లన్నా ఆ మాట అంటోంది. అన్న ప్రతిసారీ లోపల ఇంకో మాట అనుకుంటుంది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

"పాతవన్నీ ఏడాదివారీగా హార్డ్ డిస్కులోకి దించు. దించినాక పెట్టెలోంచి తీసెయ్. ఒక్కటి కూడా పోకూడదు, ఆడిటర్లు అడుగుతారు. డిస్కు తెచ్చి నా బీరువాలో పెట్టు. శుక్రవారం నేను చిత్తూరు లేబర్ ఆఫీసుకి పోవల్ల. బేస్తవారానికంతా పెట్టె సగానికి దిగుండల్ల."

చెప్పాల్సింది చెప్పి గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. బయట రోడ్డు మీద తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు నుంచి కిలోమీటరు దాకా నిలబడి ఉన్నాయి. మాగిన కాయల వాసన ఆఫీసులోకీ, ఫైళ్ళలోకీ, మధ్యాహ్నం తినే అన్నంలోకీ కూడా వచ్చేస్తుంది. ఒకప్పుడు గ్రేసీకి ఆ వాసన ఇష్టం. అప్పుడామె ఇక్కడ, వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునే ఈ టేబుల్ దగ్గర లేదు. వెనక ల్యాబులో తెల్లకోటు వేసుకుని, గుజ్జు తీపినీ పులుపునీ కొలిచి, బాగుందో లేదో చెప్పేది. ఆమె సంతకం పెట్టందే లారీ కదిలేది కాదు. కెమిస్ట్రీ చదివినందుకు ఆ కోటు వచ్చింది. ఒక్క మెయిలు కనబడకపోయినందుకు అది పోయింది.

మూడేళ్ళ కిందట నలభై ఏడో లాటు శాంపిల్ సంచులు ఉబ్బాయి. ఉబ్బాయంటే లోపల గుజ్జు పులిసిందని అర్థం. లోడు ఎత్తొద్దని గ్రేసీ ఆఫీసు మెయిలుకి రాసింది. గిరిప్రసాద్ లోడు ఎత్తించాడు. ఓడెక్కి వెళ్ళిన సరుకు చెడిపోయిందని కబురు వచ్చిన రోజున, "నాకు ఎవురూ చెప్పలేదే" అన్నాడు. ఇన్‌బాక్సులో వెతికారు, ట్రాష్‌లో వెతికారు, దొరకలేదు. పంపిన ల్యాబు ఐడీని ఆ మర్నాడే మూసేశారు. తప్పు తనదేనని గ్రేసీ చేతే రాయించుకుని, ఈ టేబుల్ దగ్గర పడేశారు. మెయిలు పంపడం రానిదానికి మెయిళ్ళు చూసే పని ఇచ్చారని ఆఫీసులో నెల రోజులు నవ్వుకున్నారు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని పని మొదలుపెట్టింది. ఇన్‌బాక్సులో ముప్పై ఒక్క వేల మెయిళ్ళున్నాయి. పైన మూలన చిన్న ఎర్రగీత తొంభై తొమ్మిది శాతం చూపిస్తోంది. ముందు బరువైనవి పైకి వచ్చేలా వరస మార్చింది. కాటా చీటీల ఫొటోలు, ఒకే డ్రమ్ముకి నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, మిషన్లు అమ్మేవాళ్ళ పుస్తకాలు, ఎవరో బంధువు ఆఫీసు మెయిలుకి తప్పక పంపే శుభోదయం గులాబీలు. గులాబీలను వందలకొద్దీ పట్టి తీసేసింది. మిగతావి ఏడాదికొక ఫోల్డరు చేసి హార్డ్ డిస్కులోకి దించడం, దిగినవాటి లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం, సరిపోయాక పెట్టెలోంచి తీసేయడం, ట్రాష్ కడిగేయడం. గ్రేసీ పని గ్రేసీది. పగ ఉన్నా చేతిలో పని పాడుచేసే రకం కాదు. ఆ సంగతి గిరిప్రసాద్‌కి బాగా తెలుసు. అందుకే అంత ధీమాగా తిడతాడు.

మంగళవారం మధ్యాహ్నానికి ఇన్‌బాక్సులో గతేడాది చివరి దాకా ఉన్నవన్నీ దిగిపోయాయి. గీత మాత్రం ఎనభై ఒకటి దగ్గర మొండికేసింది. ఆమె లెక్క ప్రకారం సగానికి దిగాలి. సామానంతా బయట పెట్టినా గది ఇరుగ్గానే ఉన్నట్టుంది. ట్రాష్ మళ్ళీ చూసింది, ఖాళీ. పంపినవి చూసింది, తక్కువే. ఇంకెక్కడో ఏదో ఉంది.

అన్నం డబ్బా మూతపెట్టి సెట్టింగుల్లోకి వెళ్ళింది. అక్కడ ఫోల్డర్ల పట్టిక ఉంది, ఒక్కోదాని పక్కన ఒక చిన్న గడి. టిక్కు ఉంటేనే ఆ ఫోల్డరు తెర మీద కనబడుతుంది. అన్నిటికీ టిక్కు ఉంది, ఒక్కదానికి తప్ప. దాని పేరు ఆర్కైవ్. గ్రేసీ టిక్కు పెట్టింది. ఎడమపక్కన కొత్త పేరు వచ్చి కూర్చుంది. లోపల ఆరు వేల రెండొందల మెయిళ్ళు!

ఇవన్నీ ఇందులోకి ఎవరు తోశారు? ఆమె అయితే కాదు. మిగతా వాళ్ళకి పాస్‌వర్డు కూడా తెలియదు. ఇక ఉన్నది ఒక్కడే. ఆఫీసు మెయిలు గిరిప్రసాద్ ఫోనులో కూడా వస్తుంది. వచ్చిన ప్రతి మెయిలునీ బొటనవేలితో పక్కకి ఊడ్చేయడం ఆయన అలవాటు. "నా ఫోన్లో చెత్త నిలవ ఉండదప్పా, వచ్చింది వచ్చినట్టే పీకి పారేస్తా" అని వచ్చినవాళ్ళ దగ్గర గొప్పలు పోతుంటాడు.

గ్రేసీ తన ఫోను నుంచి ఆఫీసు మెయిలుకి "టెస్టు" అని ఒక్క ముక్క పంపి, గేటు రిజిస్టరు పట్టుకుని సంతకం కోసం ఆయన గదిలోకి వెళ్ళింది. గిరిప్రసాద్ ఒక ఫోనులో మాట్లాడుతున్నాడు. టేబుల్ మీదున్న రెండో ఫోను టింగుమంది. అటు సరిగ్గా చూడను కూడా చూడకుండా బొటనవేలితో ఒక్కటి ఊడ్చి, అదే చేత్తో సంతకం పెట్టి రిజిస్టరు నెట్టాడు. ఆమె తిరిగొచ్చి చూసేసరికి "టెస్టు" ఆర్కైవ్‌లో అన్నిటికంటే పైన ఉంది.

గ్రేసీకి నవ్వొచ్చింది. ఊడ్చినది బయట పడలేదు, పక్కగదిలో పోగైంది. నాలుగేళ్ళ చెత్త చెత్తంతా తారీఖులతో సహా భద్రంగా ఉంది. ఇన్‌బాక్సులో వెతికితే ఈ గదిలోకి తొంగి చూడదు, అంతే. ఆ సంగతి ఆయనకి తెలియదు, ఈ పూటదాకా ఆమెకీ తెలియదు.

ఆ తారీఖు దగ్గరికి వెళ్ళింది. రెండువేల ఇరవై రెండు, జూన్ పద్నాలుగు, సాయంత్రం నాలుగూ పది. "లాట్ 47 శాంపిల్ సంచులు ఉబ్బినవి. దయచేసి లోడ్ చేయవద్దు. గ్రేసీ, ల్యాబ్." పక్కన మూడు ఫొటోలు.

ఆ ఫోల్డరులో చాలా మెయిళ్ళు లావు నల్లక్షరాల్లో ఉన్నాయి, అంటే ఎవరూ తెరవనివి. ఇది మాత్రం సన్నక్షరాల్లో ఉంది. తెరిచాడు. చదివాడు. ఉబ్బిన సంచుల ఫొటోలు చూశాడు. చూసి, ఊడ్చి, లోడు ఎత్తించి, నాకెవురూ చెప్పలేదే అన్నాడు.

గ్రేసీకి ఒళ్ళంతా మండిపోయింది. ఇన్నాళ్ళూ మనసులో ఒక మూల చిన్న అనుమానం ఉండేది, నిజంగానే మెయిలు పోలేదేమో, తనే ఏదో తప్పు నొక్కిందేమోనని. ఆ అనుమానంతోనే మూడేళ్ళు తల వంచుకుంది. ఇక వంచదు. వీణ్ణి వదలకూడదు అనుకుంది. యజమాని సుబ్రమణ్యం తిరుపతి నుంచి శనివారం శనివారం వస్తాడు. అందరి ముందూ ఆయన చేతిలో ఈ కాగితం పెట్టాలి. పెట్టి, తను చూడాల్సింది కాగితాన్ని కాదు, గిరిప్రసాద్ ముఖాన్ని. రంగు పోవడం, పెదవి ఎండిపోవడం, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడం, అన్నీ తాపీగా, కళ్ళారా చూడాలి. మెయిలు రెండు కాపీలు తీసింది. ఆ తర్వాత తనకిచ్చిన పని ప్రకారం ఆర్కైవ్ ఫోల్డరు మొత్తాన్నీ హార్డ్ డిస్కులోకి దించుకుంది. ఒక్కటి కూడా పోకూడదని సారే చెప్పాడు కదా.

ఆ సాయంత్రం గిరింపేటలో ఇంటికి చేరి రెండు సంగటి ముద్దలు తింది. తల్లి రూతు వింతగా చూసింది.

"ఏంది పాపా, ఈపొద్దు ఇంత కుశాలగా ఉండావు?"

"ఒకడి పని పట్టబోతా ఉన్నామ్మా."

"వద్దు పాపా. దేవునికి వదిలెయ్."

"మూడేళ్ళు వదిలేసే ఉన్నా గదమ్మా. ఆయనకి యాడ తీరినాది?"

రూతు లెంపలేసుకుని ఇంకో గరిటె పప్పు వేసింది.

శనివారం దాకా ఆగుదామనే గ్రేసీ అనుకుంది, ఆగలేకపోయింది. బుధవారం పొద్దున గిరిప్రసాద్ మళ్ళీ "ఇంగా సగం కాలేదా?" అని విసుక్కునేసరికి, నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"అయితా ఉంది సార్. జూన్ పద్నాలుగు మెయిలు కూడా దొరికినాది."

"ఏ జూన్?"

"లాట్ నలభై ఏడు, సార్."

గిరిప్రసాద్ లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. "కూర్చో," అన్నాడు. మూడేళ్ళలో ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదలు. గ్రేసీ కూర్చుంది. కుర్చీ మెత్తగా ఉంది.

"యాడ దొరికినాది?"

"మీరు యాడ పెట్టినారో ఆడనే, సార్."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేలా చెప్పనూ లేదు. ఆయన టేబుల్ మీది పేపరువెయిట్‌ని రెండుసార్లు తిప్పాడు.

"ఎవురికన్నా సూపించినావా?"

"ఇంగా లేదు."

"సూడు గ్రేసీ. ఆ యేడు ఆ లోడు పోకపోయింటే ఓనరు నన్ను ఇంటికి పంపించేసేవాడు. పోతే పోనీ, ఆడికి చేరేలోపల ఏం కాదులే అనుకున్నా. అయిపోయినాది. మనసులో పెట్టుకోవద్దు." గొంతు తగ్గించాడు. "రేపట్నించి నువ్వు ల్యాబుకి పో. ఆర్డరు నేనే టైపు చేయిస్తా. ఆ మెయిలొకటి తీసెయ్."

మూడేళ్ళుగా ఆమె రోజూ ప్రార్థనలో అడిగింది ఆ ల్యాబే. ఇంత తేలిగ్గా, ఒక్క మెయిలుకి బదులుగా, టేబుల్ మీద పెట్టినట్టు పెట్టాడు. వెంటనే సరే అంటే ఆయనకి ఊపిరి ఆడుతుంది. ఆ ఊపిరి ఒక రాత్రన్నా ఆపాలనిపించింది గ్రేసీకి.

"రేపు చెప్తా సార్," అని లేచింది.

తన సీటుకి వచ్చాక ఆశ పెరిగింది. ఒక్క మెయిలేనా? ఆరు వేలు ఊడ్చినవాడు ఇంకెన్ని పాపాలు ఊడ్చి ఉంటాడు? నాలుగు దొరికితే నాలుగూ కలిపి కొట్టొచ్చు. ల్యాబు కూడా తీసుకుని, శనివారం యజమాని ముందు నిలబెట్టొచ్చు కూడా. మాట తప్పడం ఆయనకొక్కడికే తెలుసా? గతేడాది సీజనుకి వెళ్ళి ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. సెలవు అడిగినవాళ్ళు, పీఎఫ్ కాగితాలు అడిగినవాళ్ళు, ఆడవాళ్ళ బాత్రూముకి గొళ్ళెం పెట్టించమని అడిగినవాళ్ళు. అన్నీ లావక్షరాల్లోనే ఉన్నాయి.

జూలై రెండు దగ్గర ఒక పేరు చూసి చెయ్యి ఆగింది. మునిచంద్ర. గుజ్జు తీసే మిషను దగ్గర పనిచేసేవాడు. ఇది కూడా లావక్షరాల్లోనే ఉంది. తెరిచింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపాడు.

"సార్, రెండో మిషనుకి చెయ్యి తగలకుండా ఉండే అడ్డం రేకు లేదు. కడిగేదానికి తీసినారు, మళ్ళా పెట్టలేదు. రెండు దినాలాయ. చెయ్యి దగ్గిరిదగ్గిరికి పోతా ఉండాది సార్. బిగించమని చెప్పండి. మునిచంద్ర, ఐరాల."

కింద ఫొటో ఉంది. రేకు ఉండాల్సిన చోట నాలుగు ఖాళీ బోల్టు రంధ్రాలు కనిపిస్తున్నాయి.

జూలై పదమూడున ఆ మిషనులో మునిచంద్ర కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

గ్రేసీ తెరవగానే లావక్షరాలు సన్నక్షరాలైపోయాయి. ఏడాది తర్వాత ఆ మెయిలుని మొదట చదివిన మనిషి తనే. గిరిప్రసాద్ చదవను కూడా లేదు, ఏదో మాట్లాడుతూ ఊడ్చేశాడు.

ఆమెని కుంగదీసింది అది కాదు. ఆ ఆగస్టులో కంపెనీ విచారణ పెట్టింది. రేకు లేదని ముందే మెయిలు పెట్టానన్నాడు మునిచంద్ర. పంపిన ఫోను ఆ మిషనులోనే చేత్తో పాటు పడి నుజ్జయింది, మెయిలు పాస్‌వర్డు అతనికి గుర్తులేదు, అతని దగ్గర రుజువు లేదు. అప్పుడు గిరిప్రసాద్ గ్రేసీని పిలిచి, పెట్టె వెతికి చెప్పమన్నాడు. ఆమె వెతికింది. ఇన్‌బాక్సు, ట్రాష్. చేతికి పెద్ద కట్టుతో ఆమె టేబుల్ పక్కనే నిలబడి, "పంపినా మేడమ్, బాగా సూడండి" అంటూనే ఉన్నాడు మునిచంద్ర. "మూడుసార్లు చూసినా అన్నా, రాలేదు. వచ్చింటే యాడికి పోతాది?" అంది తను, కాస్త విసుగ్గానే. "అటువంటి ఫిర్యాదు ఏదీ ఆఫీసు మెయిలుకు రాలేదని స్వయంగా తనిఖీ చేసి ధ్రువీకరిస్తున్నాను" అని టైపు చేసి ఉన్న కాగితం కింద సంతకం చేసింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమెకి కాస్త గర్వంగా కూడా అనిపించింది. రెండేళ్ళ తర్వాత ఆమె సంతకానికి మళ్ళీ విలువ వచ్చింది మరి. తప్పు పనివాడిదేనని తేల్చి మునిచంద్రని ఇంటికి పంపేశారు. అతను లేబర్ ఆఫీసుకి వెళ్ళాడు. శుక్రవారం గిరిప్రసాద్ వెళ్తున్నది ఆ వాయిదాకే.

ఒంటిగంటకి తలనొప్పని సెలవు పెట్టి, మునిచంద్ర మెయిలు కాగితం సంచిలో పెట్టుకుని, చిత్తూరు బస్టాండులో ఐరాల బస్సెక్కింది. ఎందుకు వెళ్తోందో దారిలో నాలుగు రకాలుగా చెప్పుకుంది. కాణిపాకం దాటేసరికి ఆ నాలుగూ అయిపోయాయి. గిరిప్రసాద్‌ని కొట్టడానికి ఇంకో కర్ర దొరికిందని వెళ్తున్నట్టు మనసుని నమ్మించబోయింది గానీ, మనసు నమ్మలేదు.

మునిచంద్ర ఊరి బయట ఒక మామిడితోటలో, నేల మీద పోసిన కాయల ముందు కూర్చుని వేరుచేస్తున్నాడు. మచ్చ ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు. ఎడమచేత్తో తీసి, కుడిచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి తిప్పి చూస్తున్నాడు. భార్య దేవకమ్మ గంపలు మోస్తోంది. గ్రేసీని గుర్తుపట్టి కూడా అతను లేవలేదు.

"ఏమ్మా, ఇంత దూరం వచ్చినావు?"

గ్రేసీ నిలబడే అంతా చెప్పింది. ఎక్కడ దొరికిందో, ఎందుకు అప్పుడు దొరకలేదో, ఊడ్చిందెవరో. కాగితం ఇచ్చింది. మునిచంద్ర చదువుకున్నాడు, ఫొటో చూసుకున్నాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. గిరిప్రసాద్‌ని తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిడితే తనూ కలిసి తిట్టాలని ఉంది.

"నీ సంతకం జిరాక్సు నా కాడ ఉండాది," అన్నాడు. "ఆఫీసరు సార్ అడిగినాడు, ఈ గ్రేసీ ఎవురని. మెయిళ్ళు సూసే ఆయమ్మే సార్ అన్నారు వీళ్ళు. ఆయమ్మే లేదంటా ఉండాది గదప్పా, నువ్వేంది ఉండాదంటావు అన్నాడు. ఇంగ నా మాట ఎవురింటారు?"

"నాకు అప్పుడు తెలీదన్నా."

"మూడుసార్లు సూసినానన్నావు."

దేవకమ్మ గంప దించి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ఒకటి చెప్తా ఇను," అన్నాడు మునిచంద్ర. గొంతులో కోపం కూడా లేదు. "కుడిచేత్తో ముద్ద కలపలేను నేను. ఎడమచేత్తో తింటా. పెండ్లిలో, సావులో నలుగురి పక్కన కూర్చోను. కంచంలో చెయ్యి పెట్టినప్పుడంతా తిట్టుకుంటా. గిరిప్రసాద్‌ని కాదమ్మా. వాడు మేనేజరు, వాడట్లనే ఉంటాడు. నిన్ను తిట్టుకుంటా. మాలాంటిదానివే గదా నువ్వు, నీకేం పొయ్యేకాలం అని."

గ్రేసీ అక్కడే, కాయల పక్కన, మట్టిలో కూర్చుండిపోయింది. తను మూడేళ్ళు ఒకణ్ణి తిట్టుకుంటూ అన్నం తింది. ఇక్కడ ఒకడు ఏడాదిగా తనని తిట్టుకుంటూ తింటున్నాడు. మెయిలు రాలేదు అన్న మాట తన మీద పడ్డప్పుడు ఎంత మండిందో ఆమెకి బాగా తెలుసు. ఆ మాటే తను ఇతని మీద వేసింది, అదే గొంతుతో. ఆమెకి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఒళ్ళు దాచుకునే చోటు లేనంత సిగ్గేసింది.

"శుక్రవారం ఆఫీసరు ముందర వచ్చి చెప్తావా?" అన్నాడు.

"చెప్తానన్నా."

"అబద్ధం సంతకం పెట్టినానని చెప్పల్ల. ఉద్యోగం ఉండదు నీకు."

"చెప్తాను."

నమ్మినట్టు లేదు మునిచంద్ర. మళ్ళీ కాయ చేతిలోకి తీసుకున్నాడు. దేవకమ్మే చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది.

బేస్తవారం పొద్దున గ్రేసీ టేబుల్ మీద ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లకోటూ, ల్యాబు తాళంచెవీ ఉన్నాయి. గిరిప్రసాద్ ఆమె కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆర్కైవ్ తెరవకుండా, ముందే ఇన్‌బాక్సులోకి తెచ్చి పెట్టుకున్న తన మెయిలుని చూపించింది. జూన్ పద్నాలుగు, నాలుగూ పది. నొక్కింది. ట్రాష్‌లోకి పోయింది. ట్రాష్‌నీ కడిగేసింది.

"ఇంగేమన్నా ఉండాయా?" అన్నాడు.

"నావి ఇంగేం లేవు సార్."

ఆయన గదిలోకి వెళ్ళాక ఆర్కైవ్‌లో మునిచంద్ర మెయిలొకటి ఉంచి మిగతావన్నీ తీసేసింది, పెట్టె సగం కంటే కిందికి దిగింది. ఆమె హార్డ్ డిస్కుని కవర్లో పెట్టి, మీద ఏడాదులు రాసి, పైన ఆయన చేత సంతకం చేయించి, ఆయన బీరువాలోనే పెట్టింది. ఆయన తాళం వేసుకుని చెవి జేబులో వేసుకున్నాడు. ఆరు వేల రెండొందల మెయిళ్ళూ ఆ తాళం వెనకే ఉన్నాయి. మధ్యాహ్నం ల్యాబులోకి వెళ్ళి గ్రేసీ కోటు వేసుకుంది. భుజాల దగ్గర కాస్త బిగుతైంది. రెండు శాంపిళ్ళ తీపి కొలిచి పుస్తకంలో ఎక్కించింది. ఆ రెండు గంటలూ ఆమెకి సంతోషంగానే ఉంది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషంగా ఉంది. లేబర్ ఆఫీసుకి వెళ్ళకపోతే రేపు కూడా ఇదే కోటు, ఎల్లుండి కూడా. మునిచంద్ర ఎలాగూ నమ్మలేదు. అయిదింటికి కోటు విప్పి, మడత పెట్టి, తాళంచెవి దాని మీద పెట్టి వచ్చేసింది.

శుక్రవారం పదకొండింటికి లేబర్ ఆఫీసులో ఆమెని చూసి గిరిప్రసాద్ ముందు ఉలిక్కిపడ్డాడు. వెంటనే ముఖం విప్పారింది.

"నిన్ను కూడా పిలిచినారా? మంచిదే," అని, లోపలికెళ్ళగానే తనే చెప్పాడు. "ఈయమ్మే సార్ గ్రేసీ. ఆ సంతకం ఈయమ్మదే. పనిలో చానా జాగ్రత్త. ఒక్క మెయిలు కూడా ఈయమ్మని దాటి పోదు. ఈయమ్మ మాటంటే నా మాటే అనుకోండి."

అధికారి కళ్ళద్దాలు పెట్టుకుని జిరాక్సు ముందుకి జరిపాడు. మునిచంద్ర గోడ పక్కన నిలబడి ఉన్నాడు, కుడిచెయ్యి జేబులో ఉంది.

"ఈ సంతకం మీదేనామ్మా?"

"నాదే సార్."

"ఇందులో రాసింది నిజమేనా?"

"కాదు సార్."

గ్రేసీ సంచిలోంచి కాగితాలు తీసి పెట్టింది. మెయిలు జూలై రెండున వచ్చింది. మేనేజరు గారు ఫోనులో పక్కకి నెట్టేశారు, అది ఎవరికీ కనబడని ఫోల్డరులోకి పోయింది. నేను ఆ ఫోల్డరు వెతక్కుండానే వెతికానని సంతకం పెట్టాను. మెయిలు ఇప్పుడు కూడా పెట్టెలో ఉంది. దాని నకలు కంపెనీ హార్డ్ డిస్కులో ఉంది, డిస్కు మీద మేనేజరు గారి సంతకం ఉంది, బీరువా తాళం ఆయన జేబులోనే ఉంది. ఎక్కడా తడబడకుండా చెప్పింది. తన జూన్ పద్నాలుగు మెయిలు సంగతి ఎవరూ అడగలేదు, ఆమె ఎత్తలేదు.

"ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు," అన్నాడు అధికారి, తెల్లకాగితం ఇస్తూ.

గ్రేసీ తల వంచి రాయడం మొదలుపెట్టింది. తారీఖులు తప్పు పోకూడదని, పేర్లు సరిగా ఉండాలని, ఒక్కో వాక్యం రెండుసార్లు చదువుకుంటూ రాసింది. ఎదుటి కుర్చీ కిర్రుమంది. గిరిప్రసాద్ గొంతు ఏదో అనబోయి దగ్గుగా మారింది. "డిస్కు తెప్పించండి" అని అధికారి అనడం వినిపించింది. ఆమె రాస్తూనే ఉంది. రెండు పేజీలైంది. చివర్న సంతకం చేసి తల ఎత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. బయట కారు స్టార్టయి వెళ్ళిపోతున్న చప్పుడు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. మూడేళ్ళుగా ఏ ముఖం చూడాలని బతికిందో, ఆ ముఖం రంగు మారి, పెదవి ఎండి, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగిన ఆ రెండు నిమిషాలూ తను కాగితంలోకి చూస్తూ కూర్చుంది. మళ్ళీ అలాంటిది చూసే రోజు రాదు. సోమవారం నుంచి ఆ గేటులోకి ఆమెని ఎవరూ రానివ్వరు.

వరండాలో మునిచంద్ర ఆమె కోసం ఆగి ఉన్నాడు.

"సూసినావామ్మా, వాడి మొగం?" అన్నాడు.

"లేదన్నా. రాస్తా ఉండినా."

మునిచంద్ర జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. మిగిలిన రెండు వేళ్ళతో చొక్కా జేబులోని మెయిలు కాగితాన్ని సర్దుకున్నాడు.

"నేను సూసినాను," అన్నాడు.